తడి నేల మీద టేపు అంటుకోదు

జూన్ 4

ఇంగ్లీషు దొరసానిగారి సముఖానికి,

జాకెట్లు కుట్టుకుని బతికే మీ అక్క రాసుకునేది. ఆదివారం నేను ఫోన్ చేస్తే "హలో, హౌ ఆర్ యూ, సో నైస్ ఆఫ్ యూ టు కాల్" అన్నావు. రాంగ్ నంబరేమో అనుకుని పెట్టేసి మళ్ళీ చేశాను. మళ్ళీ నువ్వే, మళ్ళీ అదే ఇంగ్లీషు. మీ బావ పక్కనుంచి "ఎవరు, బ్యాంకువాళ్ళా, లోన్ ఇస్తామంటున్నారా" అని ఆశగా అడిగాడు. లేదు, మా చెల్లి అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఒకే మంచం మీద పడుకుని, ఒకే దుప్పటి కోసం కొట్టుకుని పెరిగినవాళ్ళం. నాతో నీకు ఇంగ్లీషేమిటే?

నేనూ ఉక్రోషం కొద్దీ నాకొచ్చిన ఇంగ్లీషంతా మాట్లాడాను. నాకొచ్చింది కొలతలే. "థర్టీ సిక్స్, ఫుల్ హ్యాండ్స్, లైనింగ్ వేయాలా" అనేసి పెట్టేశాను.

ఇంక నేను ఫోన్ చెయ్యను. షాపులో మాట్లాడదామంటే మిషను ఆపితే కుట్టు పోతుంది, ఆపకపోతే వినబడదు. నేనెవరి కోసమూ మిషను ఆపనని నీకు తెలుసు. మీ బావ పెళ్ళిచూపులకొచ్చిన రోజున కూడా ఆపలేదు. అందుకని ఉత్తరం. ఇందులోనైనా తెలుగులో ఏడుస్తావని ఆశ.

మన కలెక్టరమ్మ ఎలా ఉంది? రెండేళ్ళు దాటాయి కదా, మాటలు వచ్చుండాలి. దానికి పెద్దమ్మ అనే మాట నేర్పావా, లేక నేను కూడా ఆంటీనేనా? ఇది ఒక్కటి సూటిగా జవాబు రాయి. మిగతాదంతా నీ ఇష్టం.

ఇట్లు,
లోన్ ఇవ్వలేని నీ అక్క


జూన్ 13

అక్కా,

కోపం తగ్గించుకుని చదువు. నా తప్పు లేదు, టేపు తప్పు.

మీ మరిది ఉద్యోగం నీకు తెలుసుగా. ఊళ్ళో రోడ్ల మీద గీతలు గీయించడం, ఎవరు ఎటు పోవాలో బోర్డులు పెట్టించడం. ఆ పని ఇంటికి తెచ్చాడు. పిల్ల రెండు భాషల్లో పెరుగుతోంది కాబట్టి దేని దారిలో అది పోవాలట. హాలంతా పసుపు టేపు, అంటే ఇంగ్లీషు. వంటిల్లు, అత్తగారి గది నీలం టేపు, అంటే హిందీ. పడకగదిలో మంచానికి ఆ పక్క ఇంగ్లీషు, ఈ పక్క హిందీ, మధ్యలో పిల్ల. అత్తగారు ముప్ఫై ఏళ్ళు హిందీ టీచరుగా చేసి రిటైరైన మనిషి. ఆవిడకి హిందీ ఇచ్చారు. ఆయనకీ నాకూ ఇంగ్లీషు. తెలుగు సంగతేమిటని అడిగితే, మూడోది కలిస్తే జామ్ అయిపోతుందన్నాడు. పిల్ల వింటుండగా ఫోన్లోనైనా సరే మాట్లాడకూడదట. నువ్వు చేసినప్పుడు అది నా కాళ్ళ దగ్గరే ఉంది, నేను పసుపులో ఉన్నాను.

కలెక్టర్ అని నువ్వు పెట్టిన పేరు వృథా పోలేదు. పొద్దున్న లేవగానే తనిఖీ. చెప్పుల స్టాండులో ప్రతి చెప్పూ తీసి వాసన చూసి, నచ్చనిది బయట పారేస్తుంది. నాన్న మేజోళ్ళలో ఒకటి బట్టల మిషనులోకి, ఒకటి బియ్యం డబ్బాలోకి. పాలు స్టీలు గ్లాసులో ఇస్తే గాజుది కావాలి, గాజుది ఇస్తే నాయనమ్మ తాగే కప్పు కావాలి, అది ఇస్తే పాలు వద్దు. మధ్యాహ్నం పడుకోబెడితే నన్ను నిద్రపుచ్చి తను లేచి పోతుంది. దొడ్డికి వస్తే భోజనాల బల్ల కిందకి వెళ్ళి, ఎవరూ చూడకూడదని తను కళ్ళు మూసుకుంటుంది.

తెలివి మాత్రం అసాధ్యం. హాల్లో బిస్కెట్ అని అడిగితే ఆయన నో అంటాడు. మారుమాట లేకుండా గీత దాటి వంటింట్లోకి పోయి నాయనమ్మని హిందీలో అడిగి తెచ్చుకుంటుంది. తెచ్చుకుని సరిగ్గా గీత మీద నిలబడి తింటుంది. అక్కడ ఎవరి రూలు చెల్లుతుందో మీ మరిది ఇంకా తేల్చలేదు.

అయితే బిస్కెట్టు, నో, పానీ, ఇంతకు మించి నోరు విప్పట్లేదు అక్కా. పక్కవాళ్ళ పిల్లాడు దానికంటే చిన్నవాడు, వాగుతూనే ఉంటాడు. ఇది మాత్రం రోజంతా బాత్‌రూమ్ తలుపు పట్టుకుని వేలాడుతుంది. ఎప్పుడు చూసినా అక్కడికే. పది నిమిషాలు ఆగమంటే ఇల్లు పీకి పందిరేస్తుంది.

నువ్వడిగినదానికి సూటిగా జవాబు: పెద్దమ్మ అనే మాట ఏ గదిలోనూ పట్టలేదు. కోప్పడకు.

నీ చెల్లి


జూన్ 21

చెల్లీ,

కోప్పడొద్దన్నావు కాబట్టి కోప్పడను. నా పాటికి నేను కత్తెర నూరుకుంటూ కూర్చుంటాను.

నువ్వు చేసే పనేమిటి? ల్యాబులో కూర్చుని ఊరందరికీ పళ్ళు కడతావు. నీ దయవల్ల ముసలాళ్ళంతా నోరారా మాట్లాడుకుంటున్నారు. నీ నోరు మాత్రం ఎవరో టేపేసి కట్టేస్తే తల ఊపి కూర్చున్నావు. మరిది రోడ్డు మీద గీత గీస్తే లారీవాడు కూడా లెక్కచెయ్యడు, మేం రోజూ చూస్తూనే ఉన్నాం. వాటిని లెక్కచేసిన మనిషి ఈ భూప్రపంచంలో నువ్వొక్కతివే. పిలిచి సన్మానం చెయ్యమను.

సరే, అసలు సంగతి. రోజంతా బాత్‌రూమ్‌కి పరిగెత్తుతోందంటే అది కడుపు. ఇంత చిన్న విషయం ఇంట్లో ముగ్గురు పెద్దవాళ్ళకి తట్టలేదా? గాజు గ్లాసుకీ స్టీలు గ్లాసుకీ మారుతూ ఆ పాలు విరిగిపోయుంటాయి. నా దగ్గర కుట్టించుకునే నర్సమ్మని అడిగాను. పిల్లలకి ఇచ్చే కడుపు పొడి పార్సిల్ చేస్తున్నాను. తేనెలో కలిపి నాకించు. ఏ భాషలో నాకించాలో మీ ఆయన్ని అడిగి చెయ్యి.

ఏ గదిలోనూ పట్టని
పెద్దమ్మ


జూలై 2

అక్కా,

నీ పొడి కొంప ముంచింది. పార్సిల్ వచ్చేసరికి నేను ల్యాబులో ఉన్నాను. అత్తగారు విప్పారు. నీ చీటీ తెలుగులో ఉంది, ఆవిడకి అర్థం కాదు. డబ్బా మీద కడుపు బొమ్మ మాత్రం ఉంది. ఈమధ్య ఆవిడకి కాస్త గ్యాసు ఇబ్బంది. నేను పనిగట్టుకుని ఆ సంగతి ఊళ్ళు దాటించానని అనుకున్నారు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు చూస్తే డబ్బా సగం ఖాళీ. బాగా పనిచేస్తోందట. మాట మాత్రం ఇంకా సరిగ్గా కలపలేదు.

పిల్లది కడుపు కాదక్కా. నీకు నిజం చెప్పకుండా ఉండలేను.

బాత్‌రూమ్‌లో టేపు లేదు. తడి నేల మీద అంటుకోదు కదా. ఆయన రెండుసార్లు అతికించాడు, రెండుసార్లూ ఊడి నీళ్ళు పోయే జాలీలో పడింది. మూడోసారి వదిలేశాడు. ఒక సాయంత్రం పిల్లకి స్నానం చేయిస్తుంటే నా నోటి నుంచి తెలుగు ఊడిపడింది. ఏమన్నానో కూడా గుర్తులేదు, కాళ్ళు చాపవే అనో ఏదో. అది నా మొహం వంక ఎంత వింతగా చూసిందో. అమ్మకి ఇంకో గొంతు ఉందని అప్పుడే తెలిసినట్టు. అప్పటి నుంచి రోజూ అంతే. బయటికి వినబడకుండా కుళాయి పూర్తిగా తిప్పేస్తాను. ఆ హోరులో నేనూ అదీ. బకెట్టులో చేపలున్నాయని చెప్తాను, నీ కథలన్నీ చెప్తాను. అది కూడా మాట్లాడుతుంది అక్కా. వచ్చీరాని మాటలే, కానీ గలగలా మాట్లాడుతుంది. బయటికి వచ్చే ముందు నోటి మీద వేలు పెట్టి ష్ అంటాను. నాన్నకి చెప్పకూడదని. అది కూడా వేలు పెట్టుకుంటుంది. మళ్ళీ హాల్లోకి రాగానే మూగనోము.

నీళ్ళు మాత్రం మోయలేనన్ని ఖర్చవుతున్నాయి. నా వల్ల కొంత, అత్తగారి శుభ్రం పిచ్చి వల్ల కొంత. మధ్యాహ్నం పిల్ల కాళ్ళు కడుగుతానని తీసుకెళ్ళి తలుపేసుకుంటే ట్యాంకు అయిపోయేదాకా కుళాయి కట్టరు. కింద వాటావాళ్ళు పోట్లాటకొచ్చారు. ఎక్కడో లీకేజీ ఉందని మీ మరిది ప్లంబర్ని పిలిపించాడు. అతను గోడ రెండుచోట్ల పగలగొట్టి, పైపులు బంగారంలా ఉన్నాయని చెప్పి వెళ్ళాడు.

పిల్లల డాక్టరుకి చూపించాం. ఈ వయసుకి ఈ మాటలు చాలవన్నాడు. చెవి పరీక్ష చేయించమని, మాటల డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళమని రాసిచ్చాడు.

కుళాయి చాటు
నీ చెల్లి


జూలై 10

నా దొంగ చెల్లీ,

నీ ఉత్తరం చదివి నవ్వానో ఏడ్చానో నాకే తెలియలేదు, ఒక జాకెట్టుకి చేతులు రెండూ ఒకే పక్క కుట్టేశాను. కన్నకూతురితో సొంత భాష మాట్లాడటానికి కల్లు దాచుకున్నట్టు బాత్‌రూమ్‌లో దాక్కోవడమేమిటే. మీ బావకి చెప్తే, పోనీ ఆ ఒక్క గదికైనా అద్దె కట్టడం గిట్టుబాటయిందన్నాడు.

ఇక మీ అత్తగారి సంగతి. కాళ్ళు కడగడానికి ట్యాంకు నీళ్ళు ఎవరికీ అక్కర్లేదు. ఆవిడకి నీ మీద అనుమానం వచ్చింది. తలుపేసుకుని పిల్ల దగ్గర కూపీ లాగుతోంది. టీచరు బుద్ధి ఎక్కడికి పోతుంది? అమ్మ నీకేం నేర్పింది, అప్పజెప్పు అంటూ ఉంటుంది. జాగ్రత్తగా ఉండు. కానీ మాట్లాడటం మాత్రం మానకు. చెవికి ఏమీ అయుండదు. వినబడకపోతే బిస్కెట్టు ఏ గదిలో దొరుకుతుందో దానికెలా తెలుస్తుంది?

నీ గూఢచారి


జూలై 23

అక్కా,

చెవి బాగానే ఉంది. పరీక్ష చేసినతను ఇంట్లో ఎన్ని భాషలని అడిగాడు. ఆయన రెండు అన్నాడు. మూడోది ఏమైనా కలుస్తోందేమో చూసుకోండి, కొందరు పిల్లలు తికమకపడతారని అతను ఊరికే అన్నట్టే అన్నాడు. ఆయన చాలా ధీమాగా తల అడ్డంగా ఊపాడు. అత్తగారు నేల చూపులు చూశారు. ఆవిడకి నా సంగతి తెలుసని నాకు అప్పుడే అర్థమైంది. నువ్వన్నట్టు కూపీ లాగి ఉంటారు.

అంటే నా వల్లే. నా ముచ్చట కోసం పిల్ల నోరు పోగొట్టాను. మానేశాను అక్కా. ఆ రోజు నుంచి స్నానం చేయించేటప్పుడు కుళాయి సన్నగా తిప్పుతున్నాను, నోరు కట్టేసుకున్నాను. అది నా చెయ్యి పట్టుకుని కుళాయి మీద పెడుతుంది. నేను తిప్పకపోతే తనే ముక్కుతూ మూలుగుతూ తిప్పి, వచ్చి నా ఎదురుగా నిలబడి నా నోటి వంకే చూస్తుంది. నేను సబ్బు రాసి, నీళ్ళు పోసి, తుడిచేస్తాను. నిన్న నా పెదాలు రెండు వేళ్ళతో పట్టుకుని విడదీసింది. లోపల మాట ఏమైనా మిగిలిందేమోనని చూసినట్టు.

అత్తగారు కూడా మధ్యాహ్నం కాళ్ళు కడగడం మానేశారు, ఎందుకో. ట్యాంకు నిండుగా ఉంటోంది. ప్లంబరు పని బాగా చేశాడని ఆయన మురిసిపోతున్నాడు.

ఇప్పుడది నో అని కూడా అనడం లేదు. నాకు భయంగా ఉంది.

చెల్లి


జూలై 30

చెల్లీ,

ఈసారి వెక్కిరించను, తిడతాను.

పిల్లకి నువ్వు తలుపులన్నీ మూసిన ఇల్లు కట్టిపెట్టావు. ఒక్క కిటికీ ఉంటే అది కూడా నీ చేత్తోనే మూశావు. ఎవడో చెవుల్లో గొట్టాలు పెట్టేవాడు ఊరికే అన్నాడని. పిల్ల నోరు పోగొట్టింది నీ తెలుగు కాదు. మీ ఇంట్లో దానితో మాట్లాడేవాళ్ళు లేరు, దానికి పాఠం చెప్పేవాళ్ళున్నారు. హాల్లో మీరిద్దరూ ఇంగ్లీషులో దానితో ఏం మాట్లాడతారో ఒక్కసారి గుర్తు తెచ్చుకో. తిను, తాగు, వద్దు, గుడ్ గర్ల్. నేను షాపులో కుక్కపిల్లతో అంతకంటే ఎక్కువ మాట్లాడతాను.

మాటల డాక్టరు దగ్గరికి వెళ్ళు. వెళ్ళి బాత్‌రూమ్ సంగతి దాచకుండా చెప్పు. మీ ఆయన ఉరి తీస్తాడా, మీ అత్తగారు గోడ కుర్చీ వేయిస్తుందా? ఏది చేసినా నేను వచ్చి చూసుకుంటాను. కత్తెర తెచ్చుకుంటాను, టేపు కొయ్యడానికి.

అది నీ పెదాలు విడదీసిందని చదివాక నాకు ముద్ద దిగలేదు.

అక్క


ఆగస్టు 16

అక్కా,

కూర్చుని చదువు. మిషను దగ్గర మాత్రం కూర్చోకు, మళ్ళీ చేతులు రెండూ ఒక పక్క కుడతావు.

మాటల డాక్టరు పెద్దావిడ. చిన్న గది, గోడకి పెద్ద అద్దం, మూలన చేతులు కడుక్కునే సింకు. మేం నలుగురం వెళ్ళాం. ఇంటి పద్ధతి ఆయన బొమ్మ గీసి మరీ చెప్పాడు, రంగులతో సహా. ఆవిడ ఓపిగ్గా విన్నది. తర్వాత పిల్ల ముందు బొమ్మలు పెట్టింది, రంగుల పెట్టె మూత తెరిచింది, మూసింది. మన కలెక్టరమ్మ ఆవిడ చెప్పులు తనిఖీ చేసిందే తప్ప కిక్కురుమనలేదు. నువ్వు చెప్పినట్టు అంతా చెప్పేద్దామని నేను రెండుసార్లు గొంతు సవరించుకున్నాను. ఆయన మొహం చూసి మింగేశాను.

అప్పుడు దాని చేతికి రంగు అంటింది. ఆవిడ ఎత్తుకుని సింకు దగ్గర నిలబెట్టి కుళాయి తిప్పింది.

అక్కా, దాని మొహం వెలిగిపోయింది. నా వైపు తిరిగి "అమ్మా, చేపలు రాలేదు. బకెట్టు లేదు. పెద్దమ్మ కథ చెప్పు" అంది. తెలుగులో. అంతటితో ఆగలేదు. నాయనమ్మ వైపు తిరిగి ఇంకేదో మొదలుపెట్టింది. అది హిందీ కాదు, ఇంగ్లీషు కాదు, మనది అసలే కాదు. అత్తగారు అలవాటు కొద్దీ అదే మాటల్లో జవాబిచ్చేశారు. ఇద్దరూ పోటీలు పడి ఏదో లెక్కపెడుతున్నట్టు పాడుతున్నట్టు మాట్లాడుకున్నారు. అప్పుడు ఆవిడకి ఎక్కడున్నారో గుర్తొచ్చి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

డాక్టరమ్మ కుళాయి కట్టేసింది. పిల్ల నోరు కట్టేసుకుంది. మళ్ళీ తిప్పింది, మళ్ళీ మొదలు. ఇంట్లో మాట్లాడేటప్పుడు కుళాయి తిప్పేది ఎవరని అడిగింది. "నేనే" అన్నాం, నేనూ అత్తగారూ ఒకేసారి. ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అత్తగారు కూపీ లాగలేదక్కా. మనమిద్దరం ఆవిడకి బాకీ పడ్డాం. ఆవిడ తన ఊరి మాటలు మాట్లాడుకోవడానికే కాళ్ళు కడిగారు. నాలాగే చెవి పరీక్ష రోజున బెదిరి మానేశారు. పాపం పిల్ల, లోకంలో మాటలనేవి నీళ్ళు పారితేనే వస్తాయనుకుంది.

ఆయన తెల్లమొహం వేసుకుని, గోడ రెండుచోట్ల పగలగొట్టించానే అన్నాడు. ఆయన గొంతు విని పిల్ల తిరిగి చూసింది. కుళాయి పారుతూనే ఉంది. ఆయన వంగి, తనకీ ఏదో చెప్తుందేమోనన్నట్టు చెవి ముందుకి పెట్టాడు. అది మాకేసి ఒకసారి చూసి, నోటి మీద వేలు పెట్టుకుని ష్ అంది. నాన్నకి చెప్పకూడదని మేమిద్దరం వేరువేరుగా నేర్పిన పాఠం అదొక్కటే.

కారులో ఆయన వాళ్ళమ్మని అడిగాడు. "నాతో ఎప్పుడూ అలా మాట్లాడలేదేం అమ్మా?"

స్టాఫ్‌రూమ్‌లో నా యాస విని నవ్వేవాళ్ళు, నిన్ను చూసి ఎవరూ నవ్వకూడదనుకున్నానని ఆవిడ అన్నారు. పిల్ల నా ఒళ్ళో నిద్రపోయింది.

ఎవరి మాట వాళ్ళు పిల్లతో బాహాటంగా మాట్లాడమని డాక్టరమ్మ చెప్పి పంపింది. ఇంటికొచ్చాక ఆయన ఏం చేశాడో తెలుసా? పిల్లని తీసుకుని బాత్‌రూమ్‌లోకి వెళ్ళాడు. కుళాయి తిప్పాడు. దాని పీట మీద కూర్చున్నాడు. తలుపు సందులోంచి మేమిద్దరం చూస్తున్నాం, సిగ్గు లేకుండా. ఆయనకి ఏం మాట్లాడాలో తెలియలేదక్కా. ఊళ్ళో ప్రతి కూడలికీ బోర్డు రాయించే మనిషి, పిల్ల ముందు గుటకలు మింగుతూ కూర్చున్నాడు. అది కాసేపు చూసింది. వెళ్ళి కుళాయి తనే కట్టేసింది. వచ్చి ఆయన మోకాలు తట్టి "నాన్నా, లే. నా పీట" అంది.

ఆయనకి తెలుగు రాదు కదా, ప్యాంటు తడుపుకుని బయటికొచ్చి ఏమందని నన్ను అడిగాడు. మనసులో చాలా అందమైన అబద్ధాలు వచ్చాయి. కానీ నిజమే చెప్పాను, లేవమందని. అంతేనా అన్నాడు. అంతే అన్నాను. తడి ప్యాంటు పిండుకుంటూ, "కుళాయి కట్టేసి చెప్పింది కదా" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే మోకాళ్ళ మీద కూర్చుని బ్లేడుతో టేపు గీకాడు. టేపు పోయింది గానీ జిగురు మిగిలింది. దానికి దుమ్ము పట్టి గీతలు నల్లగా కనబడుతూనే ఉన్నాయి. పిల్ల ఇంకా వాటి మీద నిలబడే బిస్కెట్టు తింటోంది. ఆయన నా ల్యాబు నుంచి ఏదైనా ద్రావకం తెమ్మంటున్నాడు. నేను కావాలనే మరిచిపోతున్నాను.

పసుపులోనూ నీలంలోనూ తెలుగే మాట్లాడుతున్న
నీ చెల్లి

అత్తగారు ఇంకో డబ్బా పొడి పంపమంటున్నారు. ఈసారి ఆవిడ పేరు మీదే పంపు.


ఆగస్టు 27

చెల్లీ,

పొడి పంపాను, రెండు డబ్బాలు. కూపీ లాగుతోందని రాశాను కాబట్టి ఒకటి నా తరఫున ఉచితం. కారణం ఆవిడకి చెప్పకు.

నిన్న సాయంత్రం షాపులో ఫోన్ మోగింది. ఎత్తితే నీళ్ళ హోరు. మా వీధి కుళాయి తాలూకు మనిషెవరో అనుకుని పెట్టేయబోయాను. హోరు ఆగిపోయింది. ఎవరో ఊపిరి తీసుకున్నారు. "పెద్దమ్మా" అంది.

నీ సంగతి నాకు తెలుసు, పక్కన నిలబడి నువ్వే అందించి ఉంటావు. ఆ తర్వాతది మాత్రం నువ్వు అందించింది కాదు. నేను నా ధోరణిలో మొదలుపెట్టాను. ఏం తిన్నావే, మేజోడు ఎక్కడ దాచావే, మీ నాన్న గీతలు పోయాయా, మీ అమ్మ నిన్ను సరిగ్గా చూస్తోందా, నా చేత జడ వేయించుకుంటావా, ఇలా తొక్కుతూనే, కుడుతూనే, వాగుతూనే ఉన్నాను. అది రెండుసార్లు ఏదో అనబోయింది. నా మిషనూ నా నోరూ కలిసి దాన్ని తొక్కేశాయి. మూడోసారి అరిచింది.

"పెద్దమ్మా, ఆగు. నేను చెప్తా."

మీ బావ కొలబద్ద పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఇన్నేళ్ళలో ఆ మాట అనే ధైర్యం ఆయనకి చాలలేదు. మిగతావాళ్ళ సంగతి సరేసరి. వేలెడంత పిల్ల ఆగు అంది.

తర్వాత అది చాలాసేపు చెప్పింది. కొంత మనది, కొంత మీ అత్తగారిది, మధ్యలో ఇంగ్లీషు. పీట అంది, చేప అంది, ఎవరినో బాగా తిట్టింది. సగం నాకు అర్థం కాలేదు. కుట్టు చెడితే చెడిందని మిషను ఆపేసి విన్నాను.

పెద్దమ్మ